పాట రాదనువారితో గానబృందము

తనకు పాట రాదని చెప్పుకొనుటకు మనలో ఎవ్వరును సంకోచింపరు. పదిమంది నడుమ గొంతెత్తి ఒక చరణము పాడుమన్నప్పుడు మాత్రము ఎక్కడలేని సంకోచము ముంచుకొని వచ్చును. 2022లో ఎన్టీఆర్ జిల్లా ఏర్పడువరకు కృష్ణా జిల్లాకు ఉత్తరపు కొసన నుండి, ఖమ్మము సీమకు పొలిమేరయై, మామిడితోటలకును ప్రత్తి, మిరప చేలకును ఆటపట్టయిన తిరువూరు పట్టణమునందును, దానిని చుట్టియున్న పల్లెలయందును, ఆదివారపు ఆరాధనకు పోయి కూర్చుండినవారికి ఈ సంకోచము యొక్క ఫలము పెక్కు చర్చిలలో స్పష్టముగా గోచరించును. మైకు ముందు నిలిచిన ఇద్దరు ముగ్గురు పాడుచుందురు, కీబోర్డు మ్రోగుచుండును, బల్లలమీదను చాపలమీదను కూర్చున్న సంఘము పాటల పుస్తకము వంక చూచుచు, పెదవులు కదలించుచు, చప్పట్లు చరచుచు పాటకు సాక్షిగా నుండునే గాని పాటలో పాలు పంచుకొనదు. ఈ స్థితిని చూచి నొచ్చుకొనిన పాస్టరుగారో, సంఘపెద్దలలో ఒకరో, స్త్రీల మైత్రిలోని యొక అమ్మగారో "మనకును ఒక క్వయరు ఉండిన బాగుండును గదా" అని తలంతురు. తలంచిన మరుక్షణమే "పాడువారేరీ?" అను ప్రశ్న పుట్టును, ఆ ప్రశ్నతోనే ఆ తలంపు చల్లారిపోవును.

ఆ ప్రశ్నకు సమాధానము ఆ బల్లలమీదనే, ఆ చాపలమీదనే కూర్చుండి యున్నదని నా దృఢవిశ్వాసము. సంగీతము నేర్వనివారు వేరు, పాట తెలియనివారు వేరు. తొలకరి వానలు పడి నాట్లు మొదలైన దినములలో మడిలో వంగి నారు పాతుచున్న స్త్రీలను చూడుడు: ఒకతె పాదమెత్తుకొనును, తక్కినవారు వంతగా అందుకొందురు, ఎత్తుకొన్న యామె ఏ శ్రుతిలో ఎత్తినను రెండు మూడు పాదములు గడచునప్పటికి ఎవ్వరును చెప్పకయే అందరి గొంతులును ఆ శ్రుతికి వచ్చి చేరును, నాటు వేయు చేతుల కదలికయే తాళమగును. చెక్కభజనలోను, కోలాటములోను ఆడిన పురుషులకు లయ మరియొకరు నేర్పవలసిన పని లేదు. ఇట్టివారినే తీసికొనివచ్చి వేదిక ముందు నిలిపినచో "మాకు పాట రాదండీ" అందురు. లోపము వారి కంఠమునందు లేదు. తమ గొంతునకందని శ్రుతిలో, తమకలవాటు లేని వేగములో, ముందుగా సిద్ధపరచిన వాద్యఘోషను వెంబడించుచు పాడవలసి వచ్చుటయే వారిని మూగవారిని చేయుచున్నది.

సంఘమంతయు పాడవలెనా, నేర్చిన కొందరు పాడగా తక్కినవారు వినవలెనా అను మీమాంస క్రైస్తవలోకమునకు క్రొత్తది కాదు. క్రీస్తు శకము 4వ శతాబ్దిలో లవొదికయయందు కూడిన సభ, నియమితులైన గాయకులు తప్ప ఇతరులెవ్వరును దేవాలయమునందు పాడరాదని శాసించెను. ఆ శతాబ్దిలోనే, 386లో, ఇటలీదేశపు మిలాను నగరమున దీనికి విరుద్ధమైన ఘట్టము నడచినది: రాజమాత ఆగ్రహమునకు గురియై, తమ దేవాలయము చేజారిపోకుండ దానిని కాచుకొనియున్న ప్రజలు దిగులుచే క్రుంగిపోకుండుటకై బిషప్పు అంబ్రోసు వారిచేత కీర్తనలు పాడించెను, అప్పుడా నగరముననే యుండిన అగస్టీను తన ఆత్మకథలో ఈ సంగతి వ్రాసినాడు. 1524లో విటెన్‌బర్గునందు యోహాను వాల్టరు సంఘగీతములను వేర్వేరు గొంతులకు అమర్చి ప్రకటించిన పుస్తకమునకు మార్టిను లూథరు పీఠిక వ్రాయుచు, అది యువజనుల శిక్షణకొరకు ఉద్దేశింపబడినదని చెప్పెను. 1963 డిసెంబరులో రెండవ వాటికను మహాసభ, గానబృందములను శ్రద్ధతో పెంపొందింపుడని చెప్పుచునే, విశ్వాసులందరును తమకు చెందిన భాగమును తాము పాడవలెననియు, ఆయా దేశముల ప్రజల స్వకీయ సంగీతసంప్రదాయమునకు ఆరాధనలో తగిన స్థానమీయవలెననియు నిర్ణయించెను. లవొదికయ శాసనము తరువాతి ఈ ఘట్టములను కలిపి చదువుకొనినవారికి గానబృందమెందులకో తేటపడును: సంఘముచేత పాడించుటకే అది పుట్టవలెను.

తెలుగునాట ఈ ధర్మము తొలినాళ్లనుండియు పాటింపబడినది. 1841లో మిషనరీలగు రాబర్టు నోబులు, హెన్రీ ఫాక్సు బందరునకును, 1842 జూలై 31న హెయ్యరు అను మరియొక మిషనరీ గుంటూరునకును చేరుకొన్నప్పుడు వారివెంట వారి దేశముల పాటలును వచ్చినవి. కాని తెలుగు సంఘమునకు నోరిచ్చినవారు తెలుగు కవులే. వంగదేశపు బ్రాహ్మణవంశమునకు చెంది, పర్లాకిమిడి ప్రాంతమున పెరిగి, 1803 మొదలు 1890 వరకు జీవించిన పురుషోత్తమ చౌదరిగారు పల్లవి, అనుపల్లవి, చరణములు గల కీర్తనరూపమునే గ్రహించి, కర్ణాటక సంగీతపు రాగములందును తాళములందును క్రీస్తును స్తుతించిరి. పులిపాక జగన్నాథముగారు, ముంగమూరి దేవదాసుగారు మొదలగువారు ఆ బాటనే నడచిరి. నేటికిని మన యిండ్లలో నున్న "ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు" పుస్తకమును తెరచి చూచినచో పెక్కు పాటల శిరస్సుపై రాగము పేరు, తాళము పేరు ముద్రింపబడియుండును. కొన్నిటికి ఫలానా పాట ఛాయ యని గుర్తుకూడ నుండును. స్వరలిపి ఎరుగని పల్లెవాడు పాటను పట్టుకొనుటకు అంతకంటె సులువైన ఉపాయము మరియొకటి లేదు. ఆ గుర్తులను నేడు చదువువారే లేకపోవుట మన సంఘములకు కలిగిన నిజమైన నష్టమని నేను తలంచుచున్నాను. ఎందుకనగా ఆ రెండు చిన్న మాటలలో ఒక క్వయరునకు కావలసిన పాఠ్యప్రణాళిక సగము ఇమిడియున్నది.

తిరువూరునకు ఎగువనున్న దోర్నకలు పేరు ఈ సందర్భమున స్మరింపక తప్పదు. తమిళదేశమున పుట్టి, తెలుగు నేర్చి, 1912 డిసెంబరు 29న కలకత్తాలో అభిషిక్తుడై, ఆంగ్లికను సంఘమునందు భారతీయులలో మొదటి బిషప్పైన వేదనాయకము సామ్యూలు అజరయ్యగారు 1945లో మరణించువరకు దోర్నకలు అధ్యక్షమండలమును పాలించిరి. అది క్రమముగా విస్తరించి కృష్ణా ప్రాంతమును కూడ తనలో చేర్చుకొన్నది. ఆయన సంఘములలో అధికసంఖ్యాకులు అక్షరము రాని కూలిజనులు. పుస్తకము చదువలేనివానికి వేదాంతము పాటయై అందవలెనని ఎరిగిన ఆ బిషప్పు తెలుగు కీర్తనలను, భజనలను ఆరాధనలోనికి ఆదరముతో ఆహ్వానించెను. ఆ కాలముననే హెర్బర్టు పాప్లీ అను ఆంగ్లేయుడు దక్షిణదేశమున మన సంగీతమును అభ్యసించి, కథాకాలక్షేపమును సువార్తకు వినియోగించుటేగాక, 1921లో భారతీయ సంగీతమునుగూర్చి ఆంగ్లమున ఒక గ్రంథమును ప్రకటించెను. వంద సంవత్సరములనాడు పరదేశి యొకడు మన రాగములను ప్రేమించి నేర్చుకొనగా, మన పిల్లలకు ఆ పేర్లు పలుకుటయు రాకపోవుట దుఃఖకరము.

ఇక పనిలోనికి దిగుదము. గానబృందమును ఆరంభింప దలచినవారు మొట్టమొదట మానవలసినది పరీక్ష. "పాడగలవారు ముందునకు రండి" యని ప్రకటించినచో, ఇప్పటికే మైకు విడువనివారు తప్ప వేరెవ్వరును రారు. "నేర్చుకొన గోరువారెవరైనను శనివారము రాత్రి భోజనములైన పిదప రండి" యని చెప్పవలెను. పదిమంది వచ్చిన చాలును. వారిలో సగము గొంతులు బొంగురువైనను చింత లేదు. నాయకత్వమునకు ఊరిలోకెల్ల మధురకంఠమును ఏరి తెచ్చుకొనుటకంటె మంచి చెవి గలవానిని, ఓర్పు గలవానిని ఎన్నుకొనుట మేలు. మహాగాయకుడు తన గానముచేతనే తక్కినవారి నోళ్లు మూయించునని అనుభవజ్ఞులెల్లరును ఎరుగుదురు. కాలమును కూడ విచారించుకొనవలెను. క్రిస్మసు నెల దగ్గర పడినప్పుడు హడావుడిగా మొదలిడు బృందము జనవరితోనే చెదరిపోవును. అప్పటికి మిరప కోతలు వచ్చిపడును, కూలికి పోవు ఆడువారికి రాత్రి ఓపిక మిగులదు. ఈస్టరు వెళ్లినపిమ్మట, పొలము పనులు సన్నగిల్లి పిల్లలకు సెలవులిచ్చిన వేసవి రాత్రులలో, చర్చి ఆవరణమున ఆరుబయట చాపలు పరచుకొని ఆరంభించుట మా ప్రాంతమునకు చక్కగా నప్పును.

అన్నిటికంటె ముఖ్యమైనది శ్రుతి. దీనిని కొంత విస్తరించి చెప్పవలసియున్నది. మాటలాడునప్పుడు పురుషుని కంఠము సెకనుకు సుమారు 100 మొదలు 130 పర్యాయములును, స్త్రీ కంఠము సుమారు 200 పర్యాయములును కంపించును. అనగా ఇరువురి నడుమ రమారమి ఒక స్థాయి అంతరమును ప్రకృతియే కల్పించినది. అందుచేతనే స్త్రీపురుషులు ఒక్క శ్రుతిలో పాడునపుడు, ఒకరు పై స్థాయిలోను ఒకరు క్రింది స్థాయిలోను నున్నను, చెవికి ఒక్క పాటగానే వినబడును. చిక్కు ఎక్కడ వచ్చుననగా, కచేరీ చేయు గాయని ఐదు ఐదున్నర శ్రుతిలోను, గాయకుడు ఒకటి ఒకటిన్నర శ్రుతిలోను పాడుట మన ఆచారము. రికార్డు చేయబడిన పాటలన్నియు ఒక్క నిపుణుని కంఠమునకు తగినట్లు కూర్చబడినవి. ఫోనులో విన్న ఆ శ్రుతినే సంఘమునందు ఎత్తుకొన్నప్పుడు పల్లవి ఎట్లో గడచును. అనుపల్లవి చేరునప్పటికి పురుషులు ఆపివేయుదురు, స్త్రీలు కీచుగొంతుతో పెనగులాడుదురు. కావున పాట నేర్పుటకు ముందు, అది తాకు మిక్కిలి క్రింది స్వరమేదో మిక్కిలి పై స్వరమేదో హార్మోనియము మెట్లపై వెదకి తెలిసికొనవలెను. షడ్జమము మొదలు పై షడ్జమము వరకు మాత్రమే నడచు పాటకు ఒకటి గాని రెండు గాని శ్రుతి సుఖముగా నుండును. క్రింది పంచమము మొదలు మధ్యస్థాయి పంచమము వరకు తిరుగు పాటయైనచో నాలుగు శ్రుతి కావలెను. ఈ యొక్క జాగ్రత్త తీసికొనిన రాత్రియే "మాకు పాట రాదు" అన్నవారిలో అనేకులు పాడుచుండుట కనబడును. గొంతు మారు వయస్సులోనున్న పదమూడు పదునాలుగేండ్ల బాలురను మాత్రము బలవంతపెట్టరాదు. వారికి తాళములో డోలకో అప్పగించి కొంతకాలము కాచుకొనవలెను.

మొదటి రాత్రి ఏమి చేయవలెను? హార్మోనియముపై షడ్జమ పంచమములను నిలిపి, ఎవ్వరినీ పాడుమనక, అందరినీ కన్నులు మూసికొని వినుమనవలెను. విన్న పిమ్మట పెదవులు మూసికొని ఆ షడ్జమమును సన్నగా కూనిరాగముగా తీయుమనవలెను. పొట్ట నిండుగా గాలి పీల్చి, భుజములెగురవేయక, దానిని నెమ్మదిగా వదలుట అప్పుడే చూపవలెను. తరువాత అందరికిని ఇదివరకే తెలిసిన ఒక కీర్తనలోని పల్లవి మాత్రము తీసికొని, నాయకుడు ఒక పాదము పాడగా బృందము తిరిగి పాడవలెను. ఎక్కడ గుక్క తీసికొనవలెనో పెన్సిలుతో పుస్తకమున గీతలు పెట్టించవలెను. మాట నడుమ గుక్క తీసినచో అర్థము విరిగిపోవును గదా. ఈ దశలో తప్పక ఒకరిద్దరు, అందరును ఎచ్చటికి పోయినను తాము ఒక్క స్వరముననే నిలిచిపోవువారు కనబడుదురు. వారిని చూచి నవ్వువారిని ఆనాడే వారింపవలెను. అట్టివానిని ప్రక్కన కూర్చుండబెట్టుకొని, "నా స్వరమునకు రమ్ము" అని పట్టుబట్టక, వాడు పలుకుచున్న స్వరమేదో హార్మోనియముపై కనిపెట్టి, నాయకుడే ఆ స్వరమునకు పోయి వానితో కలిసి పలుకవలెను. తన గొంతును మరియొక గొంతు కలియునప్పుడు ఎట్లుండునో వాని చెవికి అదియే మొదటిసారి తెలియును. అచ్చటినుండి ఒక్కొక్క మెట్టుగా ఇరువురును పైకి నడచినచో కొన్ని వారములలో వాడు బృందముతో కలియును. నిజముగా స్వరభేదము గ్రహింపలేనివారు లోకములో బహుకొద్దిమంది. తక్కినవారందరును ఎన్నడో బడిలోనో ఇంటిలోనో "నీవు నోరు మూసికో" అని అనిపించుకొని మూసికొన్నవారే.

స్వరజ్ఞానము అవసరమా యని కొందరడుగుదురు. ఇంగ్లండులో సారా గ్లోవరు అను ఉపాధ్యాయిని బాలలకొరకు కల్పించిన ఒక పద్ధతిని, జాన్ కర్వెను అను పాదిరి మెరుగుపరచి ప్రచారము చేసెను. 1841లో ఆదివారపు బడుల ఉపాధ్యాయులు సభ కూడి, సామాన్యులకు పాట నేర్పు సులభమార్గమును వెదకు భారమును ఆయనపై నుంచిరి. గీతలు, చుక్కలు లేక అక్షరములతోనే స్వరములను వ్రాయు ఆ పద్ధతి మిల్లులలోను గనులలోను పనిచేయువారిని గాయకబృందములుగా తీర్చి, మిషనరీలవెంట దేశదేశములకు ప్రాకినది. మనకు అట్టి అక్షరములు సరిగమల రూపమున తరతరములుగా ఉండనే యున్నవి. పురందరదాసు పేర ప్రసిద్ధమైన సరళి వరుసలు మాయామాళవగౌళలో నున్నవి. వానిని నేర్వగలిగిన మేలే, కాని వయస్సు మీరిన కూలివానికి మోహనముతో ఆరంభించుట సులువని నా అభిప్రాయము. అందులో ఐదు స్వరములే యుండుటచే గొంతు తడబడు తావులు తక్కువ. మన జానపదగేయముల పోకడకును అది దగ్గర. నేర్పువారెవరందురా? పద్యనాటకములకు హార్మోనియము వాయించిన వృద్ధులు, నాదస్వర విద్వాంసులు మా సీమలో ఇంకను అక్కడక్కడ కలరు. మతభేదము చూడక అట్టి పెద్దలను గౌరవముతో పిలిచి, కీర్తనపై ముద్రింపబడిన రాగమేదో ఒక్కసారి పాడి వినిపింపుడని కోరినచో, వారు సంతోషముతో వత్తురు. ఆకాశవాణి 1940 మొదలు మూడు దశాబ్దములపాటు తన కేంద్రములనుండి హార్మోనియమును వెలివేసినది. మన గమకములను ఆ వాద్యము పలికింపలేదను వాదము అందుకొక కారణము. ఆ వాదములో సత్యము లేకపోలేదు. కనుక శ్రుతికొరకును పాదము గుర్తు చేయుటకొరకును హార్మోనియమును ఆశ్రయించి, రాగముయొక్క సొగసును మాత్రము మనుష్యకంఠమునుండియే నేర్చుకొనవలెను.

నగరములలోని పెద్ద చర్చిలయందు నాలుగు గొంతులు నాలుగు వరుసలలో పాడు పాశ్చాత్యపద్ధతిని విని, మనమును అట్లే పాడవలెనని యువకులు తొందరపడుదురు. ఆ పద్ధతి గొప్పది. దానికి తగిన పాటలును వేరుగా నున్నవి. ఏకరాగప్రధానమైన కీర్తనపై దానిని రుద్దినచో రాగము నలిగిపోవును. క్రొత్త బృందమునకు మొదటి సంవత్సరమున అందరును ఒక్క గొంతుగా పాడుటయే చాలినంత పని. వైవిధ్యము కావలసినచో ఒక చరణము స్త్రీలు, ఒక చరణము పురుషులు, పల్లవి అందరును పాడవచ్చును. ఎదురెదురు వరుసలుగా నిలిచి పాదమునకు పాదము మార్చుకొనవచ్చును. ఇది మన భజనలకు సహజమైన పద్ధతి, వినుటకును ఎంతో శోభగా నుండును.

పాట మాటలను విడువరాదు. పాత కీర్తనలలోని సంస్కృతసమాసములు నేటి పిల్లలకు అర్థము కావు. అర్థము కానివాడు ఒత్తులు మ్రింగివేయును, దీర్ఘములు కుదించును. పాట పాడుటకు ముందు దానిని పద్యమువలె చదివించి, అర్థము చెప్పి, ఏ సందర్భమున ఏ భావముతో పాడవలెనో వివరింపవలెను. మట్టల ఆదివారపు పాటకును శుభశుక్రవారపు పాటకును గొంతులో భేదము వినబడవలెనన్నచో, ఆ భేదము ముందు మనస్సులో కలుగవలెను. ఈ పని పాస్టరుగారిది. వారమునకు ఒక పావుగంట ఇచ్చిన చాలును.

మైకునుగూర్చి ఒక్క మాట చెప్పక తప్పదు. వందమంది పట్టు గదిలో పదిమంది పాడుటకు మైకెందుకు? వాద్యములన్నియు ముందే నింపిపెట్టిన ట్రాకును ఫోనునుండి వదలి, దానివెనుక పరుగెత్తుచు పాడు అలవాటు పల్లెలకు సైతము పాకినది. ట్రాకు ఆగదు, ముసలమ్మ గుక్క తిప్పుకొనువరకు వేచియుండదు, సంఘము ఒక పల్లవిని ప్రేమతో మరియొకమారు పాడగోరినచో ఒప్పుకొనదు. ప్రాణము గల డోలకుగాడు ఈ మూడును చేయును. క్వయరును వేదికపై ప్రదర్శనకు నిలుపుటకంటె, సంఘము మొదటి వరుసలలో, జనముతో కలిసిపోవునట్లు నిలిపినచో, వెనుకనున్నవారికి ముందువారి గొంతు ఊతమగును. రెండవ చరణమునకే చాపలమీదివారి స్వరము పైకి లేచును.

సంఘపెద్దలకు నాదొక విన్నపము. క్రొత్త స్పీకర్లకొరకు చందాలు వ్రాయించుటకు ముందు ఒక మంచి హార్మోనియమును, ఒక డోలకును, రెండు జతల తాళములను కొనుడు. కీర్తనల పుస్తకములు ఇంటింటికొకటి యుండునట్లు చూడుడు. శనివారము రాత్రి చర్చి తలుపులు తెరచి దీపము వెలిగించియుంచుడు. పాట రాదని మీ సంఘములో ఎవరెవరు చెప్పుచున్నారో వారి పేర్లు వ్రాసికొని, వారినే మొదట పిలువుడు.